కుడివైపు మాత్రమే తిరిగే ఒంటిచక్రం

మా వంశంలో చక్రం తిప్పినవాళ్ళెవరూ లేరు. తాత నుంచి నాన్న దాకా అందరూ నగర కార్పొరేషన్‌లో నీళ్ళ వాల్వులు తిప్పినవాళ్ళే. ఆ లోటు నేను తీర్చాను, అదీ ఒకే ఒక్క చక్రంతో.

గార్డెన్ రీచ్ దగ్గరున్న మా తెలుగువాళ్ళ క్వార్టర్స్‌కి యూనిసైకిల్ తెచ్చిన రోజు అందరూ చుట్టూ మూగారు. హ్యాండిల్ లేదు, బెల్లు లేదు, రెండో చక్రం అసలే లేదు. పక్కింటి పిన్ని కాసేపు జాలిగా చూసి, "మిగతాది ఎప్పుడిస్తాడంట కొట్టోడు?" అని అడిగింది.

తొక్కడం నేర్పింది దాదా. వాట్‌గంజ్‌లో చిన్న టైలర్ షాపు నడిపే బెంగాలీ ఆయన, అరవై దాటాయి. మా క్వార్టర్స్ వాళ్ళ బట్టలు కుట్టీ కుట్టీ మా తెలుగు పట్టేశాడు. ఏటా జరిగే ఒంటిచక్రం పోటీల్లో, జంట ప్రదర్శనలో, ఎవరితో దిగినా ఆయనకు వచ్చేది నాలుగో స్థానమే. తోటివాళ్ళు 'నాలుగో దాదా' అని పిలుస్తుంటే నవ్వేసేవాడు, కానీ ఆ నవ్వు కుట్టు సరిగ్గా పడని చొక్కాలా ఎక్కడో లాగుతూ ఉండేది. మోకాళ్ళు అరిగిపోయాయని, ఇక చాలని డాక్టరు చెప్పేశాడు. ఇదే ఆఖరిసారి. ఒక్క పతకం పట్టుకుని దిగిపోవాలని ఆయన ఆశ. ఆ ఆశకు రెండో చక్రం నేను.

సాధనకు మాకు దొరికిన నున్నటి నేల ఒక్కటే, క్వార్టర్స్ మధ్యలో అమ్మవారి చిన్న గుడి చుట్టూ పోసిన సిమెంటు. అమ్మ మొదటిరోజే షరతు పెట్టింది.

"అమ్మోరి సుట్టూ తిరిగితే ప్రదచ్చినం లాగే తిరగాల. ఎడం పక్కకి తిరిగేవంటే సెక్రం ఇరగ్గొడతాను. దాదా, నీకూ అదే సెప్తన్నాను."

"అలాగే బౌదీ," అన్నాడు దాదా, వదినగారి మాటకు తిరుగులేనట్టు.

నేను అమ్మకూ ఎదురు తిరగలేదు, అమ్మవారికీ ఎదురు తిరగలేదు. ఫలితంగా నాకు కుడివైపు తిరగడం అద్భుతంగా వచ్చింది, ఎడమవైపు తిరగడం అసలు రాలేదు. దాదా దానికేమీ కంగారుపడలేదు. మా ప్రదర్శననంతా కుడి మలుపులతోనే కూర్చాడు. ముగింపులో ఇద్దరం కుడిచేతులు పట్టుకుని, ఒకరి చుట్టూ ఒకరం గిర్రున తిరుగుతాం. మార్కులన్నీ ఉన్నది అందులోనే.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. పోటీల రోజు ఉదయం, ఒళ్ళు వేడెక్కుతుందని, స్టేడియం మైదానంలో జరిగే ఒంటిచక్రాల పరుగు పందానికి కూడా పేరిచ్చాను. ఇవ్వమని ఎవరూ అడగలేదు. ఈ లోకంలో పరుగు పందేలన్నీ ఎడమవైపే తిరుగుతాయని నాకు అప్పటిదాకా తెలియదు. మొదటి మలుపులో అందరూ ఎడమకు తిరిగారు. నేను తిన్నగా, ఎంతో నమ్మకంగా, సున్నం గీతలు దాటుకుంటూ పోయి టీ దుకాణం బల్ల ముందు కుడిచేతి మీద పడ్డాను.

మణికట్టు బెణికింది. ప్రథమ చికిత్స చేసే ఆవిడ గట్టిగా కట్టుకట్టి, ఈ చేత్తో దేన్నీ పట్టుకోవద్దంది.

దాదా కట్టు వైపు చూశాడు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఎడం సేతులు పట్టుకుందుం," అన్నాడు చివరికి.

ఎడమచేతులు పట్టుకుంటే ఎడమవైపే తిరగాలి. స్టేడియం వెనక స్కూటర్లు పెట్టే చోట ప్రయత్నించాం. తిరగబోయిన ప్రతిసారీ నడుము మొరాయించింది, నేను దిగిపోయాను. మధ్యాహ్నం ప్రదర్శన ముంచుకొస్తోంది. దాదా గోడకు ఆనుకుని కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటున్నాడు.

"పోనీలే దీదీ," అన్నాడు. ఆడపిల్ల ఎంత చిన్నదైనా ఆయనకు అక్కే. "ఈసారి నాలుగు కూడా రాదు. మార్పు మంచిదే."

నేను ఊరికే తొక్కుకుంటూ పోయాను. పోయి పోయి రెండు వరసల స్కూటర్ల మధ్య ఇరుక్కున్నాను. బయటికి దారి ఎడమవైపు ఉంది. నాకు ఎడమవైపు లేదు. అలాంటప్పుడు నేను చేసేది ఒక్కటే, వెనక్కి తొక్కుకుంటూ వచ్చేయడం. క్వార్టర్స్ సందుల్లో ఎడమ మలుపు వచ్చినప్పుడల్లా అదే గతి కాబట్టి, ముందుకు పోవడం కన్నా వెనక్కి రావడమే నాకు బాగా వచ్చు. ఉద్యోగంలోనూ అంతే.

దాదా లేచి నిలబడ్డాడు. "ఆగు. దిగకు."

తన చక్రం ఎక్కి నాకు ఎదురుగా వచ్చి, నా ఎడమచేయి తన ఎడమచేత్తో పట్టుకున్నాడు. "ఇప్పుడు ఇద్దరమూ ఎనక్కి తొక్కుదుం."

తొక్కాం. ఎడమచేతులు పట్టుకుని వెనక్కి తొక్కితే, తిరిగేది కుడివైపుకే. నా నడుము ఏ పేచీ పెట్టలేదు, ఇల్లు చేరిన ఆవులా హాయిగా తిరిగింది.

"ఎనక్కి తిరగడానికి మార్కులు ఇంకా ఎక్కువ. తెల్సా నీకు?" అన్నాడు దాదా.

మధ్యాహ్నం స్టేడియంలోని హాల్లో ఢాక్ డోలు మోతతో మా ప్రదర్శన మొదలైంది. మామూలు భాగం మామూలుగానే సాగింది. చివర్లో చేతులు కలిపి వెనక్కి తొక్కడం మొదలుపెట్టాం. ఎక్కడికి పోతున్నామో మాకు కనబడదు, ఎదుటి మనిషి ముఖం ఒక్కటే కనబడుతుంది. ఒకచోట నా చక్రం తూలింది. దాదా వేళ్ళు బిగిశాయి, ఆయన మోకాళ్ళు ఎంత నొప్పి పుడుతున్నాయో ఆ పట్టులోనే తెలిసింది. ఢాక్ ఆగేదాకా ఇద్దరిలో ఎవరమూ దిగలేదు.

ఫలితాలు కింది నుంచి చదివారు. నాలుగో స్థానం అనగానే దాదా అలవాటుగా సగం లేచాడు. వేరే జంటను పిలిచారు.

"అదీ పోయింది," అని కూర్చున్నాడు.

మూడోదీ వేరేవాళ్ళకే వెళ్ళింది. రెండోది చదువుతున్నప్పుడు ఆయన చెప్పులు వెతుక్కుంటున్నాడు. మొదటి స్థానానికి మా ఇద్దరి పేర్లు చదివాక కూడా ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. నేనే చేయిపట్టి లేపాను.

ఏకఛత్రాధిపత్యం సంగతి నాకు తెలియదు కానీ ఆ సాయంత్రం హాల్లో మాది ఏకచక్రాధిపత్యం. గ్యాలరీలో మా క్వార్టర్స్ ఆడవాళ్ళు ఈలలు వేస్తున్నారు. "దాదా ఏడస్తన్నాడేటే?" అని అమ్మ పైనుంచి కేకేసింది, తన కళ్ళు కొంగుతో తుడుచుకుంటూనే.

పతకాల మెట్లు ఎప్పుడూ ఎక్కి ఎరగడు కాబట్టి ఎక్కడ నిలబడాలో దాదాకి తెలియలేదు, వెళ్ళి కింద నేల మీదే నిలబడ్డాడు. నా మంచి చేత్తో అన్నిటికంటే పై మెట్టుకు నెట్టాను. తర్వాతి విభాగం వాళ్ళు వస్తున్నారు, మెట్లు ఖాళీ చేయమని మైకులో చెబుతూనే ఉన్నారు. దాదా వినిపించనట్టు జుట్టు సర్దుకుని, ఇంకో ఫోటో తీయమని పక్కింటి పిన్నికి సైగ చేశాడు.