కామేశ్వరి గారి పాటు వేళ

ఎండకు ఆరుతున్న సముద్రపు పాచి వాసనలో వేడి బన్ను వాసన కలిస్తే ఎలా ఉంటుందో మీకు తెలియకపోవచ్చు. నాకు మాత్రం ఆ రెండూ కలిస్తే ఒకే మనిషి. మొన్న రుషికొండ దగ్గర రాళ్ళ మీదికి దిగుతుంటే, వెనకాల ఆటోలోంచి బన్నుల ట్రేలు దింపుతున్నారు. గాలి ఇటు మళ్ళగానే ఆ వాసన తగిలింది. చప్పున తల తిప్పి చూశాను, కామేశ్వరి గారు చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని “ఏంటే, ఇంకా అక్కడే నిలబడ్డావ్?” అంటారేమోనని. ఆవిడ పోయిన వానాకాలంలోనే కాలం చేశారు. ఆ సంగతి నా ముక్కుకి ఇంకా తెలిసినట్టు లేదు.

ఆవిడది బీచ్ రోడ్డు మీద బేకరీ. వాళ్ళ నాన్నగారు పోర్టులో ఉద్యోగమొచ్చి గోదావరి జిల్లా నుంచి ఇక్కడికి వచ్చారట. ఆవిడ పుట్టింది పోర్టు క్వార్టర్సులోనే అయినా మాటలో మాత్రం గోదావరి యాస చుక్క కూడా ఇంకలేదు. నేను పద్మనాభం ఊరి దగ్గర వరి పండించే ఇంటి పిల్లని. చదువు అయ్యాక పొద్దున్నే బస్సెక్కి ఆవిడ బేకరీలో పనికి వచ్చేదాన్ని. మొదటి వారం ఓ రోజు బస్సు ఆలస్యమైంది. నేను వెళ్ళేసరికి బ్రెడ్డు పిండి పొంగి, మళ్ళీ కుంగి, తొట్టిలో చప్పబడి ఉంది. ఆవిడ నా వేలు పట్టుకుని ఆ పిండిలో గుచ్చారు. గుంట పడింది, పైకి రాలేదు.

“చూడు. పొంగినప్పుడు పొయ్యిలో పెట్టలేదు, ఇప్పుడు పెట్టినా ఇటుకే వస్తుంది” అన్నారు.

“బస్సు రాలేదు మేడం. నానేటి సేస్తాను?” అన్నాను, ఏడుపు గొంతుతో.

“నిన్ను తిట్టట్లేదే పైడీ. పిండికి నీ బస్సు టైము తెలీదు, అంతే. దాని టైము మనం తెలుసుకోవాలి.” అంటూనే నాకు టీ తెప్పించారు. అదీ ఆవిడ పద్ధతి. నోరు ఎంత గట్టిదో చెయ్యి అంత మెత్తన.

ఆవిడని సముద్రం దగ్గరికి తీసుకెళ్ళింది శ్రీధర్ గారు. ఉక్కునగరంలో ఉండే ఇంజనీరు. సెలవు రోజుల్లో కొందరు మిత్రులతో కలిసి రుషికొండ వైపు రాళ్ళలో బతికే ప్రాణులను జనానికి చూపించేవారు. సముద్రం బాగా వెనక్కి తగ్గే వేళను మా దగ్గర పాటు అంటారు. అమావాస్యకీ పున్నమికీ ఆ పాటు ఎక్కువ. అప్పుడు రాళ్ళు బయటపడి, వాటి మధ్య గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి. వేలు దగ్గరికి తెస్తే ముడుచుకుపోయే సముద్రపు పూలు, గవ్వని ఇల్లు చేసుకుని మోసుకుతిరిగే పీతలు, రాతి రంగులోనే దాక్కునే చేపపిల్లలు, అన్నీ ఆ గుంటల్లో కనిపిస్తాయి. ఒకసారి వాళ్ళకి బన్నులు ఇవ్వడానికి వెళ్ళిన కామేశ్వరి గారు ఓ గుంట పక్కన గొంతుక్కూర్చుని, బేకరీ సంగతే మరిచిపోయారు. తిరిగొచ్చాక గల్లాపెట్టె దగ్గర కూర్చుని, “ఇన్నేళ్ళుగా ఈ రోడ్డు మీదే బతుకుతున్నానే. ఒక్కసారైనా వంగి చూడలేదు. ఏం మనిషినే నేను!” అన్నారు.

ఆ ఊపులోనే, ఏటా ఓ రోజు పాటు వేళ పిల్లలకి ఆ గుంటలు చూపించే పండగ మొదలుపెట్టారు. హోటలు వాళ్ళు, ఐస్‌క్రీం పార్లరు వాళ్ళు, పడవ షికార్లు తిప్పేవాళ్ళు, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి “మనమంతా సముద్రాన్ని చూపించి వ్యాపారం చేసుకుంటున్నాం. ఏడాదికోసారైనా దాని మొహం చూద్దాం రండి” అని లాక్కొచ్చారు. నేను మా ఊరి బడి హెడ్‌మాస్టారి కాళ్ళావేళ్ళా పడి పిల్లల్ని బస్సులో రప్పించాను. వాళ్ళలో చాలామంది సముద్రాన్ని చూసింది తీర్థాల్లోనూ, పెళ్ళి వ్యాన్ల కిటికీల్లోంచీనే.

మొదటి ఏడాది మేం చేసిన తప్పు మన ఊళ్ళో తప్ప ఇంకెక్కడా జరగదనుకుంటాను. అపార్టుమెంట్లు కట్టే ఒకాయన ఖర్చులో పెద్ద వాటా పెట్టుకుని, ముఖ్య అతిథిని తానే పిలిచారు. ఇసుకలో షామియానా, తివాచీ, సోఫాలు, శాలువాలు. పాటు మధ్యాహ్నం ఎండలో ఉంది. ముఖ్య అతిథి రాలేదు. పెద్దలు రాకుండా మొదలుపెడితే బాగుండదన్నారు. పిల్లలు షామియానాలో కూర్చుని ఎదురుగా ఆరిన రాళ్ళని చూస్తూనే ఉన్నారు. ఎండ వాలాక కారు వచ్చింది. దీపం వెలిగించారు. సముద్రాన్ని కాపాడుకోవాలని ఆయన చాలా బాగా మాట్లాడారు. ఆయన మాట్లాడుతుండగానే ఆయన వెనక సముద్రం వచ్చి రాళ్ళన్నిటినీ మింగేసింది. మా పిల్లలు ప్రసంగం ఒక్కటే చూసి బస్సెక్కారు. కామేశ్వరి గారు ఆ బస్సు మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డారు.

“పిండి కుంగిపోయిందే” అన్నారు.

మరుసటి ఏడు షామియానా లేదు, సోఫాలు లేవు. బన్నులకి పీత ఆకారంలో కాళ్ళూ కొండీలూ పెట్టించారు, కవర్లు లేకుండా చేతిలోనే పెడతామన్నారు. బిల్డరు గారు మాత్రం మళ్ళీ ముఖ్య అతిథిని పిలిచారు. ఆయనకి కోపం వస్తే మిగతా దుకాణాల వాళ్ళు కూడా జారుకుంటారని అందరికీ తెలుసు. పైగా మా బేకరీకి పెద్ద ఆర్డర్లన్నీ ఆయన బంధువుల హోటళ్ళవే. పాటు వేళ అయింది. పడవలు తిప్పే ఎల్లాజీ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, “అమ్మా, నీరు ఆగిపోనాది. ఇంక పైకి తిరిగిపోద్ది. దిగితే ఇప్పుడే దిగాల” అని కేకేశాడు. బిల్డరు గారు ఫోను చెవి దగ్గర పెట్టుకునే “మధురవాడ దాటేశారండి, పది నిమిషాలు” అన్నారు. పోయినేడూ ఆ పది నిమిషాలే.

కామేశ్వరి గారు ఆయన దగ్గరికి వెళ్ళి చేతులు జోడించారు. “మీరంటే నాకు గౌరవమేనండి. ఆయనన్నా గౌరవమేనండి. కానీ సముద్రానికి ఫోను చేసి ఆగమని చెప్పడం నాకు చేతకాదు.”

“మమ్మల్ని కాదని మొదలుపెడితే ఇక ఈ పండగకి మేం ఉండమండీ” అన్నారాయన. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఇసుక వంకే చూస్తున్నారు. ఆవిడ చెప్పులు విప్పి ఇసుకలో వదిలేసి, కుచ్చిళ్ళు దోపి, “పైడీ, మీ ఊరి పిల్లల్ని తీసుకురా” అని రాళ్ళ మీదికి నడిచారు. శ్రీధర్ గారు వెనకే దిగారు. ఆఖరికి ఐస్‌క్రీం పార్లరాయన ప్యాంటు మడిచి ఆయనా దిగాడు.

ముఖ్య అతిథి వచ్చేసరికి రాళ్ళు మునిగిపోయాయి. ఆయన కారు దిగకుండానే వెళ్ళిపోయారు. బిల్డరు గారు అన్న మాట నిలబెట్టుకున్నారు, హోటళ్ళ ఆర్డర్లూ ఆగిపోయాయి. ఆ సాయంత్రం నేను ఖాళీ ట్రేలు ఆటోలో సర్దుతున్నాను. ఆవిడ అడిగింది ఒక్కటే.

“పిల్లలు చూశారా?”

“సూసినారు మేడం. అందరూ సూసీసినారు.”

“చాలు, పద” అన్నారు. ఆ ఏడాదంతా రస్కులూ బిస్కెట్లూ ఎక్కువ చేసి, బడ్డీకొట్లకి తిరిగి అమ్ముకున్నాం. ఆవిడ నోట ఒక్కసారి కూడా అయ్యో అన్న మాట రాలేదు. పండగ చిన్నదైంది, నిలబడింది. అంత ధైర్యం నేను ఇంకెవరి దగ్గరా చూడలేదు. అది అరిచే ధైర్యం కాదు, చెప్పులు విప్పి ముందుకు నడిచే ధైర్యం.

ఇప్పుడు బేకరీ నేను చూసుకుంటున్నాను. ఆవిడ లేకుండా జరిగిన మొదటి పండగ మొన్నటిది. ముందుగా ఆవిడ ఫోటోకి దండ వేసి, నాలుగు మాటలు చెప్పుకుని, తర్వాత దిగుదామని దుకాణాల వాళ్ళంతా అన్నారు. నేనూ సరేనన్నాను. ఫోటో ఫ్రేము కట్టించి తెస్తున్నది ఆవిడ భర్త సుబ్బారావు గారు. ఆయన హనుమంతవాక దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. పాటు వచ్చేసింది. పద్మనాభం పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని నా వంకే చూస్తున్నారు.

“వేరే ఎవరి కోసమైనా అయితే సరే. ఆవిడ కోసం కూడా ఆగకపోతే ఎలాగమ్మా?” అన్నాడు ఐస్‌క్రీం పార్లరాయన. ఆయన కళ్ళలో నీళ్ళు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఎల్లాజీ తల నెరిసిపోయింది, గొంతు మాత్రం అదే. “నీరు ఆగిపోనాది పైడమ్మా!”

నేను చెప్పులు విప్పాను.

సుబ్బారావు గారు ఫోటో గుండెలకి హత్తుకుని ఇసుకలో ఆయాసపడుతూ వచ్చేసరికి, రాళ్ళన్నీ మునిగిపోయి, పిల్లలు తడి చేతులతో పీత బన్నులు తింటున్నారు. ఎదురెళ్ళాను. తలెత్తలేకపోయాను.

“అందరూ ఆగమన్నారు సార్. నానే ఆగలేదు.”

ఆయన నా మొహంలోకి చూశారు. “మంచిపని చేశావమ్మా. నాకోసం ఆగుంటే, ఇంటికెళ్ళి మా కామేశ్వరికేం సమాధానం చెప్పుకునేవాణ్ణి?” అన్నారు. ఫోటోని బన్నుల ట్రే పక్కన, సముద్రం కేసి తిప్పి నిలబెట్టారు. పైకండువాతో అద్దం మీది చెమ్మ తుడిచి, మెల్లగా అడిగారు.

“పిల్లలు చూశారా?”

“సూసీసినారు సార్” అన్నాను. అంతవరకూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.