అమ్మ పలకని పేరు

"ఈ బిడ్డకు ఏ పేరు పెడుతున్నారు?" ఫాదర్ రెండోసారి అడిగాడు.

మా అమ్మ నోరు విప్పలేదు. నా మనవడు ఆమె చేతుల్లో కాళ్లు తన్నుకుంటున్నాడు. వెనక బెంచీల్లో ఎవరో దగ్గారు. నా కొడుకు నా వంక చూశాడు. పెట్టాల్సిన పేరు తెలిసిన మనిషి భూమ్మీద అమ్మ ఒక్కతే.

మా పూర్వీకుడు ఫ్రెంచివాడని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. యానాం నుంచి గుడ్డల వ్యాపారానికి వచ్చి, అచ్చంపేట దగ్గర కృష్ణ ఒడ్డున ఆగిపోయి, ఇక్కడి పిల్లనే చేసుకున్నాడట. ఆయన రంగు మాకెవరికీ రాలేదు. "ఏందిరా దొరా, మిరపకాయలు ఎండబోయడానికి గొడుగేసుకోని వస్తావా?" అని ఊళ్లో వెక్కిరించేవాళ్లు.

ఆయన్నుంచి మాకు మిగిలింది ఒక పద్ధతి. పెద్దకొడుక్కి తాత జ్ఞానస్నానం పేరు పెట్టాలి. గుడిలో దాన్ని ఇంటికి పెద్ద పైకి చెప్పాలి. ఆ తర్వాత బడిలో, పొలం కాగితాల్లో, వీధిలో అంతా తెలుగు పేరే. మా తాత పేరు మా అన్నయ్యకు వచ్చింది. ఆరోజు చెప్పింది తాతే. అన్నయ్య పాలు మరవకముందే పోయాడు. భయపడి నాకు వేరే పేరు పెట్టారు. నా కొడుక్కి మా నాన్న పేరు వచ్చింది. ఇప్పుడు మనవడికి, నాకు పెట్టకుండా మానేసిన మా తాత పేరు రావాలి. ఈసారీ తప్పితే ఇక దాన్ని అందించేవాళ్లు లేరు.

పత్రికలో పనిచేసినన్నాళ్లూ ఊరూరా తిరిగి మనుషుల్ని అడగడమే నా పని. మా నాన్నను మాత్రం తాత పేరేంటని ఎన్నిసార్లు అడిగినా "టైమొచ్చినప్పుడు వింటావులేరా" అని దాటేసి, చెప్పకుండానే పోయాడు. రిటైరయ్యాక యానాం వెళ్లాను. పాత కుటుంబాల సంగతులు తెలిసిన ఒక మాస్టారు, "ఇలాంటి కథతో చానామంది వస్తారండీ. మీ నాన్నగారి పేరు ఇక్కడ ఇంటింటా ఉంది, మీ తాతగారిది చెప్పండి, ఏ కుటుంబమో చూద్దాం" అన్నారు. అప్పటికి నాన్న లేడు, ఆ పేరు విన్న పాతవాళ్లూ లేరు, గుడి పాత రిజిస్టరు కృష్ణ వరదలో పోయింది. ఇంటికి పెద్ద అమ్మే. కోడలు పెద్దరికానికి రావడం మా ఇంట్లో అదే మొదలు.

ముందురోజు సాయంత్రం నరసరావుపేటలో మా ఇంట్లో అందరం ఆమె చుట్టూ చేరాం.

"మామ పేరు నోటితో ఎట్టంటానే?" అంది అమ్మ.

"నేను మీ అబ్బాయి పేరు బ్యాంకులో అందరిముందూ చెప్పట్లా అత్తయ్యా?" అంది నా భార్య.

"అందుకేగా వాడట్టా తయారైంది."

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. అది చూసి, గుడిలో ఫాదర్ అడిగితే కాదనదులే అనుకున్నాను.

ఫాదర్ మూడోసారి అడగలేదు. ఆగి చూశాడు. అమ్మ పెదాలు కదిలాయి. నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఆమె బిడ్డను నా కోడలి చేతుల్లో పెట్టి, "మీరే ఏదో ఒకటి పెట్టండయ్యా" అంది. ఫాదర్ ఆ రోజు పండగైన పునీతుడి పేరు పలికి బిడ్డ తలమీద నీళ్లు పోశాడు.

తిరిగొచ్చేప్పుడు కారులో అమ్మను నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. ఇల్లు చేరబోతుండగా అమ్మే అంది:

"మామ పేరని మీ అన్నను నేను ఒక్కసారి కూడా పేరుపెట్టి పిలవలేదురా. వాడు పోయిన్నాడు అందరూ పేరుపెట్టి ఏడ్చారు. నేను ఒరేయ్ ఒరేయ్ అనే ఏడ్చా. వాణ్ణి పిలవని పేరుతో వీణ్ణెట్టా పిలుస్తా?"

నేను మళ్లీ అడగలేదు.

మనవడు ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. అమ్మ వాణ్ణి "ఒరేయ్" అనే పిలుస్తుంది. యానాం మాస్టారు అప్పుడప్పుడు ఫోన్ చేసి, పేరు తెలిసిందా అని అడుగుతుంటారు. అచ్చంపేట సమాధుల తోటలో అన్నయ్యను పెట్టిన చోట చిన్న సిలువ ఉంది. దానిమీద పేరు లేదు.