నాలుగో వరుస, తొమ్మిదో సంచి

శ్రీనివాసపురంలో ఒక మామిడి నర్సరీలో కంప్యూటరు పని నాది. పొద్దున్నే ఊరిగాంలో బస్సెక్కి, కిటికీకి తల ఆనించి సగం నిద్రలోనే వస్తాను. తోటల మీద మంచు కదులుతుంటే నేను పోతున్నానో, తోటలే వస్తున్నాయో తెలియదు. ఆ మత్తులోనే చీటీల స్క్రిప్ట్ అనే ఆ చిన్న ప్రోగ్రామును రాసి ఉంటాను.

రైతు పేరు, అంటుమొక్క ఉన్న వరుస, ఆ వరుసలో మొక్క ఉన్న సంచి నంబరు. ఈ మూడూ అందితే స్క్రిప్ట్ చీటీ అచ్చువేస్తుంది, అది చూసి పనివాళ్ళు సంచి తీసి రైతుకిస్తారు. మా సాఫ్ట్‌వేర్ ఒట్టి పీనాసిది, స్క్రిప్ట్‌కి ఒక్క విలువనే అందనిస్తుంది. అందుకని మూడింటికీ నడుమ గీతలు పెట్టి ఒకే మూటగా కట్టి పంపాను. అవతల మూట విప్పేటప్పుడు మాత్రం నంబరును వరుస అనుకున్నాను, వరుసను నంబరు అనుకున్నాను. కంప్యూటరు నోరెత్తలేదు. రెండూ అంకెలే కదా, దానికేం పట్టింది?

ఆ వారం చీటీలన్నీ తారుమారయ్యాయి. అందరివీ తోతాపురి రకం అంట్లే కాబట్టి ఎవరూ గుర్తుపట్టలేదు, ఒక్క అవ్వ తప్ప. ఆమె భర్త టెంక నాటి పెంచిన చెట్టును రోడ్డు వెడల్పు కోసం కొట్టేశారు. పేరు లేని రకం. కొట్టేముందు కొమ్మలు తెచ్చి మా నర్సరీలో ఐదు అంట్లు కట్టించుకుంటే ఒక్కటే బతికింది.

మొక్క తీసుకెళ్ళిన మూడో రోజు, చంకన ఆ సంచితో వచ్చి, ఆకు నలిపి నా బల్ల మీద పెట్టింది.

"వాసన చూడు పాపా, ఇది తోతాపురి. మాది యాడుండాది?"

తప్పు నాదేనని చెప్పాను. తిట్టినా బాగుండేది. మంచినీళ్ళు అడిగి తాగి, బెంచీ మీద కూర్చుంది.

లెక్క తిప్పి చూస్తే దారి దొరికింది. తొమ్మిదో వరుసంతా మాస్తి ఊరి రైతు ఒకాయనది. అంకెలు తారుమారై ఆయనకు ప్రతి వరుసలోని తొమ్మిదో సంచి వెళ్ళింది. అవ్వది నాలుగో వరుసలో తొమ్మిదోది, అదీ ఆయనకే చేరింది. ఫోన్ చేస్తే, "అన్నీ నాటేసినానమ్మా. ఏది ఏదో ఎట్ల చెప్పేది?" అన్నాడు.

అవ్వా, నేనూ బస్సులు మారి మాస్తి చేరాం. సన్నగా తుంపర. అవ్వ ఒక్కో మొక్క దగ్గర వంగి, ఆకు నలిపి, వాసన చూసి, ముందుకు కదిలేది. నేను వెనకాల నడిచాను. ఆ వానలో ఆ వరుసలకు అంతు లేదనిపించింది. కంచె దగ్గర ఒక మొక్క ముందు వంగిన మనిషి ముందుకు కదల్లేదు.

"ఈడుండాది పాపా," అంది.

రైతు మట్టి చెదరకుండా తవ్వి, తడి గోనెలో కట్టిచ్చాడు. అవ్వ తెచ్చిన తోతాపురిని ఆ గుంటలో పెట్టాడు.

మరునాడు స్క్రిప్ట్ మార్చాను. ఇప్పుడు ప్రతి విలువకూ దాని పేరు తగిలించి పంపుతున్నాను, ఏది ముందొచ్చినా ఫరవాలేదు. రకం పేరు కూడా చేర్చాను. ఆ గడి అవ్వ మొక్క ఒక్కదానికే ఖాళీగా మిగిలింది. ఆమె మళ్ళీ వచ్చినప్పుడు, రకం పేరు ఏం రాయమంటావని అడిగాను.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఆయన పేరు నేను చెప్పకూడదు పాపా. మీ కాగితంలో ఉండాది, చూసి రాసుకో."

ఆమె పేరు పక్కనే ఆయన పేరు ఉంది. చూసి రాశాను.