అట్ట మీద గోరు

బారువ సముద్రంలో నాకు స్కూబా నేర్పినాయన అనగానే ముందు ఆయన బొటనవేలి గోరే గుర్తొస్తుంది. మెడలో గడులు గీసిన ప్లాస్టిక్ అట్ట ఒకటి వేలాడేది. ఎంత లోతులో ఎంతసేపు ఉండొచ్చో, అదే రోజు రెండోసారి దిగితే ఎంత తగ్గించుకోవాలో అందులో ఉంటుంది. ఆ లెక్క తప్పితే ఒంట్లో గాలి బుడగలు చేరి, ముందు భుజాలూ కీళ్లూ సలుపుతాయి. దిగే ముందు ఆ గడుల వెంట గోరు జరుపుతూ పెదాలు కదిపేవాడు. ఆ లెక్కంతా తనే చేసే డైవ్ కంప్యూటర్ నా చేతికుందని నాకు పొగరు.

ఆ మధ్యాహ్నం, ఎప్పుడో మునిగిన ఓడ దగ్గర రెండోసారి దిగాం. కాసేపటికే పైకి పదమని వేలు చూపించాడు. నేను కంప్యూటర్ చూపించి తల అడ్డంగా ఊపాను. నా బెల్టు పట్టుకుని పైకి కదిలాడు. ఒంట్లో చేరిన గాలి మెల్లగా పోవడానికి, ఐదు మీటర్ల లోతులో తాడు పట్టించి మూడు నిమిషాలు ఆపాడు. అంతసేపూ నా మణికట్టు వదల్లేదు.

పడవెక్కగానే, "బుజాలు సలుపుతన్నాయేటిరా?" అన్నాడు.

"లేదు! ఇంకా ఇరవై నిమిషాలుందని ఇది చెప్తోంది కదా మావా!" అని అరిచాను.

ఆయన గోరు అట్ట మీద ఒక గడి దగ్గర ఆగింది.

"పొద్దున్న మనం దిగినప్పుడు అదేడుంది?"

"పడవలో. సంచీలో మర్చిపోయాను."

"మరి పొద్దున్న నువ్వు ములిగినావని దానికెవులు సెప్పార్రా?"

నా చెయ్యి దానంతటదే భుజం మీదకి వెళ్లింది.