ఉప్పు వేసి పట్టించిన పాస్‌వర్డులు

సుబేదారిలో నేను కంప్యూటర్లు చూసిన విత్తనాల కంపెనీ ఓనరుకు పొద్దున చాయ్ కంటే ముందు సిబ్బంది మెయిళ్లు చదివే అలవాటు. అందరి పాస్‌వర్డులూ సర్వర్‌లో ఉన్నవి ఉన్నట్టే కనిపించేవి మరి. ఆయన గొంతు పెంచితే సీలింగ్ ఫ్యాను కూడా భయపడి నెమ్మదించేది. నమ్మకపోతే మీ ఇష్టం.

ఆ మనిషంటే నాకు ఒళ్లు మంట. అందుకే పాత సర్వర్ మార్చమన్నప్పుడు అందరితో కొత్త పాస్‌వర్డులు పెట్టించి, అన్నిటినీ హాష్ చేసి పడేశాను.

కొద్దిరోజులకే తన గదిలోకి పిలిచాడు. అకౌంట్స్ చూసే పరకాల మేడం వేరే ఉద్యోగం వెతుక్కుంటోందని ఆయన అనుమానం. ఎక్కడో తెలిస్తే ఒక్క ఫోన్‌తో దాన్ని చెడగొడతాడట. ఆమె పాస్‌వర్డు చెప్పమన్నాడు.

నాకూ తెలియదన్నాను. గిర్నీలో పట్టించిన కారంలోంచి మళ్లీ మిరపకాయను తీయలేం, హాష్ అంటే అదేనన్నాను. ఆమె టైపు చేసినప్పుడల్లా సర్వర్ మళ్లీ పట్టించి, పాత కారంతో పోల్చుకుంటుంది, అంతే.

ఆయన స్క్రీన్ మీది హాష్‌ల వరుసలో రెండిటి మీద వేలు పెట్టాడు.

"నాదీ, మా బామ్మర్దిదీ ఒకటే పాస్‌వర్డు. మరి ఈడ వేరే వేరే ఎట్లున్నయ్?"

"సాల్ట్ సార్. పట్టించే ముందు ఒక్కొక్కరి దాంట్ల వేరే ఉప్పు ఏస్తం."

ఆయన మొహం కందగడ్డయింది. మన దగ్గర సిగ్గులేనివాణ్ణే కదా, ఉప్పూ కారం తింటున్నావా అని అడిగేది.

"అంటే నేను ఉప్పుకారం తింటలేనా?"

నేనా మాట అనలేదు. కాదనడానికి తొందరా పడలేదు.

పాస్‌వర్డు మార్చేసి ఆమె మెయిల్లోకి పొమ్మన్నాడు. మారిస్తే ఆమెకు తెలిసిపోతుందన్నాను. అది నిజమే. సర్వర్‌లోంచి ఆ మెయిళ్లు నేరుగా తెరవొచ్చన్న నిజాన్ని మాత్రం మింగేశాను. పైగా, బలవంతంగా తెరిస్తే ఆఫీసు మెయిళ్లన్నీ ములుగు దాకా ప్రతి డీలరుకూ వెళ్లిపోతాయని అబద్ధం వడ్డించాను. బామ్మర్దికి రాసినవి కూడానా అని గొంతు తగ్గించి అడిగాడు. ముందు పోయేవి అవేనన్నాను.

ఇక గతిలేక హాల్లోకి వెళ్లి, అందరి ముందూ ఆమెనే అడిగాడు. ఆమె కుర్చీలోంచి లేవను కూడా లేవలేదు.

"నా పాస్‌వర్డు మీకెందుకు సార్? అండ్ల ఏం సదువుదామని?"

టైపు చేస్తున్నవాళ్లంతా ఇటు తిరిగారు. చాటుగా తీసుకోవడమే తప్ప ఎదురుగా అడగడం తెలియని మనిషి, తన గదిలోకి వెనక్కి నడిచాడు.

తర్వాత ఆమె ఆయనకు రాజీనామా మెయిల్ పంపింది. కొత్త సర్వర్ వచ్చాక ఆమె మెయిళ్లలో ఆయన చదవగలిగింది అదొక్కటే.