ముందు సీటు ఖాళీగానే ఉంది

దయ్యాల కథలు చెప్పే పిల్లలను బెంచీ ఎక్కించే టీచరమ్మను నేను. ఆదోనిలో ఇన్నేళ్ళూ సైన్సు చెప్పాను. దారిలో దిష్టి నిమ్మకాయ ఉంటే తొక్కుకుంటూ పోయాను తప్ప పక్కకు తప్పుకున్నది లేదు. అందుకే ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

మా ఆయన రంగన్నది నందవరం అవతల తుంగభద్ర ఒడ్డున ఊరు. పెళ్ళికి ముందు పుట్టి నడిపేవాడు. బుట్టలా గుండ్రంగా ఉండే పడవ అది. నడిపేవాడు ముందు కూర్చుని, ఎదుటి నీళ్ళను తెడ్డుతో తన వైపు లాక్కోవాలి. నన్ను ఎక్కిస్తానని పెళ్ళిచూపుల్లోనే మాటిచ్చాడు. తీరా నేను కాపురానికి వచ్చేసరికి పుట్టి అమ్మేసి పత్తి జిన్నింగు మిల్లులో చేరిపోయాడు. ఆ మాట పట్టుకుని ఎన్నేళ్ళు దెప్పానో!

ఒకరోజు ఫోన్లో కయాక్ అనే సన్నటి పడవ వీడియో చూపించాడు.

"సూడు, ఎంత సన్నగుందో! ఇద్దరు పట్టేది కూడా ఉందంట. దీంట్లో తిప్పుతా నిన్ను. అప్పుడన్నా నోరు మూస్తావు."

సండూరు వైపు కొండల్లో ఒక చెరువుందనీ, కొత్తవాళ్ళకు అక్కడ నేర్పిస్తారనీ కనుక్కున్నాడు. ఇక ఇంట్లో అదే గోల. హాలహర్వి మీదుగా తెల్లారకముందే బయలుదేరాలి. గాలి లేవకముందే నీళ్ళ మీద ఉండాలి. మారుబట్టలు, టోపీలు, జొన్నరొట్టెలు, శెనక్కాయల ఊరిబిండి. నదిలో పెరిగినవాడికి లైఫ్ జాకెట్ ఎందుకని నాతో ఒక పోట్లాట కూడా అయింది.

ఆ వారమే గుండెపోటుతో పోయాడు.

ఏడాది గడిచాక, చెల్లెలు పద్మను తీసుకుని నేనే వెళ్ళాను. ఆయన మీద బెంగ తీరే దారి ఇంకేదీ తోచలేదు. తీరా చెరువు చూశాక పద్మ "నా వల్ల కాదక్కా" అని ఒడ్డునే కూలబడింది. అక్కడివాళ్ళు నాకు జాకెట్ తొడిగి, ఇద్దరు పట్టే కయాక్‌లో వెనక కూర్చోబెట్టి, ఒడ్డు పట్టునే తిరగమన్నారు. నేర్పించే ఆయన అప్పటికే వేరేవాళ్ళతో చెరువు మధ్యలో ఉన్నాడు.

మేం ఆలస్యంగా చేరడంతో గాలి లేచింది. ఎంత తెడ్డు వేసినా కయాక్ ఉన్నచోటే తిరిగి, లోపలికి కొట్టుకుపోసాగింది. చేతులు పడిపోయి తెడ్డు ఒళ్ళో పెట్టుకున్నాను.

అప్పుడు ముందు భాగం కిందికి దిగింది, బరువైన మనిషి కూర్చున్నట్టు. కయాక్ కాస్త ఎడమకు, కాస్త కుడికి ఊగుతూ గాలికి ఎదురుగా ఒడ్డు వైపు కదిలింది. ముందు సీటు ఖాళీగానే ఉంది. నాకు భయం వేయలేదు. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది.

దూరం నుంచి నేర్పించే ఆయన అరిచాడు. హంపి దగ్గర మనిషి, పుట్టి తెలిసినవాడు.

"మేడం! ముందర కూసున్న అన్నకు సెప్పండి! ఇది పుట్టి కాదు, నీళ్ళు ఎదురుంగ లాగొద్దు, పక్కన ఎయ్యమనండి!"

పద్మకు మాత్రం ముందు ఎవరూ కనబడలేదట. "నువ్వే తెడ్డు ఒళ్ళో పెట్టుకొని నవ్వుతా వస్తాంటివి" అంది.

గాలి మళ్ళి ఉండొచ్చు. ఎండ మెరుపులో ఆ నేర్పించే ఆయన కళ్ళు మోసపోయి ఉండొచ్చు. కానీ మా ఆయన పుట్టి నడిపేవాడని నేను అక్కడ ఎవరికీ చెప్పలేదు.

కయాక్ ఒడ్డుకు ఆనింది. పుట్టి నడిపేవాడు ముందుగా దిగడు. ఎక్కినవాళ్ళందరూ క్షేమంగా దిగేదాకా పట్టుకుని ఉంటాడు. అది తెలిసే నేను కదలకుండా కూర్చున్నాను. పద్మ చెయ్యి చాపింది.

"దిగక్కా, ఇంకా ఎంతసేపు?"

దిగాను. కయాక్ ముందు భాగం మెల్లగా పైకి లేచింది. ఎందుకు దిగానా అని ఇప్పటికీ ఏడుస్తాను.