చెద పట్టిందన్న పుస్తకం

నేను కడపలో బడిపంతులుగా ఉన్న రోజులవి. ఊరి చరిత్ర రాయాలన్న కోరికతో సాయంత్రాలు కచేరీలోని పాత దస్త్రాల గదికి వెళ్లేవాణ్ణి. ఆ గది చూసుకునే ముసలాయన ఒబులేసు అడిగిన కట్టనల్లా దుమ్ము దులిపి ఇచ్చేవాడు. ఒక్క ఇళ్ల లెక్క పుస్తకం మాత్రం ఇవ్వలేదు.

"దానికి చెద పట్టిండాది అయ్యవారూ, వద్దులే" అన్నాడు.

ఆయన లేనప్పుడు నేనే తీశాను. ఒక్క పేజీ కూడా చెడలేదు. ముసలివాడి బద్ధకం అనుకున్నాను.

ఆ ఆదివారం పఠన మందిరంలో నా వ్యాసం చదివాను. ఒబులేసును నేనే పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టాను. ఊళ్లో ఒకప్పుడు సంగీతం ఎంతగా ఉండేదో చెప్పడానికి, ఆ పుస్తకంలోని భోగంవాళ్ల పేర్లు ఇళ్లతో సహా వినిపించాను. "బావి సందు, సుబ్బమ్మ, కొడుకు ఒకడు" అనగానే వెనక నుంచి ఎవరో అందుకున్నారు.

"ఆ కొడుకు ఈడనే ఉండాడు కదప్పా. ఏం ఒబులేసూ, మీ యమ్మ పాడతాదని మాకెప్పుడూ చెప్పకపోతివే?"

జనం నవ్వారు. ఆయన తలపాగా సర్దుకుని మెల్లగా బయటికి నడిచాడు.

మర్నాడు ఆయన ఇంటికి వెళ్లి క్షమించమన్నాను.

"నలభై ఏండ్లు దాన్ని దాచినా అయ్యవారూ. చించేద్దామంటే, మా యమ్మ పేరు ఇంగ యాడా లేదు" అన్నాడు.

మొన్న మాఘంలో ఆయన పోయాడు. ఆ వ్యాసాన్ని నేను అచ్చుకివ్వలేదు. ఉన్నదే చదివావు కదా అని మిత్రులు ఓదారుస్తారు. అప్పుడు నాకు మరింత సిగ్గేస్తుంది.